పొద్దున్నే మొరాయించే స్కూటర్: తప్పు ఈ20 పెట్రోలుదా, బండిదా?

కాజీపేట_110
నాది 2016 మోడల్ 110 సీసీ స్కూటర్, కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండి. పొద్దున సెల్ఫ్ నొక్కితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. చోక్ లాగి, కాలు నొప్పి పుట్టేదాకా కిక్ కొడితే ఎప్పటికో అందుకుంటుంది. ఒకసారి స్టార్టయితే సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. రెండు రోజులు తీయకుండా ఉంచితే మాత్రం ఇంకా మొండికేస్తుంది. మెకానిక్ ప్లగ్ మార్చాడు, తేడా లేదు. "ఈ20 వచ్చిన కాడినుంచి పాత బండ్లన్నిటిదీ ఇదే లొల్లి అన్నా, ఎవరూ ఏం చేయలేరు" అంటున్నాడు. నిజంగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమా, లేక ఆయన తప్పించుకుంటున్నాడా?

బంకు_బాధితుడు
మీ మెకానిక్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇథనాల్ ఆవిరి కావాలంటే పెట్రోలుకు కావలసిన దానికి రెండింతల పైనే వేడి కావాలి. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌కు ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? పైగా పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి సుమారు 13.5. మీ కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అదే జెట్, సైజు మాత్రం పాతదే. అంటే మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయినట్టే కదా! 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) స్కూటర్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, సెన్సర్ చూసుకుని కొంత సర్దుకుంటుంది. మన కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకెక్కడికి పోతాం?

ట్యాపెట్_బాబాయ్
తెనాలిలో షెడ్డు నాది. లెక్కలు బాగున్నాయి తమ్ముడూ, బండిని మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు.

కాజీపేట బాబూ, రేపు పొద్దున బండి మొరాయించినప్పుడు ఎవరికీ ఫోన్ చేయకుండా ఒక పని చెయ్యి. ఓ పదిసార్లు కిక్ కొట్టి, వెంటనే ప్లగ్ విప్పి చూడు. తడిగా ఉందా, పొడిగా ఉందా? తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంటే అంటుకోవట్లేదు. అంటే కాయిల్, ప్లగ్ క్యాప్, కంప్రెషన్, లేదా నువ్వే చోక్ ఎక్కువ లాగి ముంచేశావు. పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావట్లేదు. అప్పుడు ప్లగ్ ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ.

బ్యాటరీ కూడా చూడాలి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ నొక్కినప్పుడు 10కి బాగా కిందికి పడకూడదు. కానీ నీ బండి కిక్ కొట్టినా అందుకోవట్లేదు కాబట్టి అది రెండో సంగతి.

ఇంకోటి ట్యాపెట్లు, అంటే ఇంజన్ వాల్వులను నొక్కి తెరిచేవి. ఏళ్ల తరబడి తిరిగిన బండికి ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. చప్పుడు తగ్గిందని ఓనరు మురిసిపోతాడు. లోపల వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్‌లో ఉన్న కొలతకు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి సెట్ చేయించు. చెవితో విని సెట్ చేసేవాడి దగ్గరికి వెళ్లకు.

బంకు_బాధితుడు
బాబాయ్, ఇవన్నీ ఎప్పుడూ ఉన్న జబ్బులే. మరి ఈ రెండేళ్లలోనే ఇంతమంది బండ్లు ఎందుకు పాడయ్యాయి?

ట్యాపెట్_బాబాయ్
బీఎస్6కి ముందు కొన్న బండ్లన్నీ ఈ రెండేళ్లలోనే ముసలివయ్యాయి కాబట్టి.

రసాయనం_మాస్టారు
నాది బోధన వృత్తి, బండి రిపేరు కాదు. అందుకని లెక్క వరకే మాట్లాడతాను. బంకు బాధితుడు గారు ఇచ్చిన అంకెలు సరైనవే, వాటిని వాడిన తీరుతోనే నాకు పేచీ. 14.7 నుంచి 13.5 అంటే సుమారు 8 శాతం. కానీ 2022 నాటికే మన బంకుల్లో 10 శాతం కలుస్తోంది. దాని నుంచి చూస్తే తేడా 4 శాతమే. చోక్ లాగితే మిశ్రమం అంతకంటే ఎంతో ఎక్కువ చిక్కబడుతుంది. చోక్ లాగినా అందుకోని బండికి 4 శాతం తేడాను కారణం అంటే ఎలా?

ఆవిరి విషయం కూడా అంతే. ఇథనాల్ తక్కువ పాళ్లలో కలిస్తే పెట్రోలు ఆవిరి పీడనం తగ్గదు, కాస్త పెరుగుతుంది. చలికి స్టార్ట్ కాని బెడద అసలు పెద్ద పాళ్లలో, ఈ85 (85 శాతం ఇథనాల్) లాంటి వాటిలో కనిపిస్తుంది. బ్రెజిల్‌లో మామూలు పెట్రోలులోనే 2015 నుంచి 27 శాతం ఉంది, 2025 ఆగస్టు నుంచి 30 చేశారు.

బంకు_బాధితుడు
బ్రెజిల్ బండ్లు దానికోసమే తయారవుతాయి మాస్టారూ. అక్కడి రబ్బరు, జెట్లు అన్నీ వేరు. మన దగ్గర ఈ20కి తగ్గ సామానుతో బండ్లు రావడం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకుముందు కొన్నవాళ్ల సంగతి ఎవరు పట్టించుకున్నారు? మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే రాసుకున్నారు, పాత టూ వీలర్లకు 3 నుంచి 4 శాతమని.

రసాయనం_మాస్టారు
ఆ మాట ఒప్పుకుంటాను. రబ్బరు సంగతి కూడా నిజమే, పాత రకం రబ్బరు సీళ్లు, పైపులు ఇథనాల్‌కు ఉబ్బడం, పెళుసెక్కడం ఉంటుంది. కానీ మైలేజీ వేరు, స్టార్టింగ్ వేరు.

నల్గొండ_టీచరమ్మ
నాదీ అదే కాలం స్కూటర్. దసరా సెలవులకు ఊరెళ్లి వస్తే అస్సలు స్టార్ట్ కాదు, రోజూ బడికి తిప్పితే మాత్రం ఏ టెన్షనూ పెట్టదు. దీనికి కారణం ఏంటి బాబాయ్?

ట్యాపెట్_బాబాయ్
మంచి ప్రశ్న అమ్మా. ఈ స్కూటర్లలో చాలావాటికి పెట్రోలు కాక్ చేత్తో తిప్పేది కాదు, వ్యాక్యూమ్‌తో తెరుచుకునేది. ఇంజన్ తిరిగి, సన్న పైపు గుండా గాలి లాగితేనే కాక్ తెరుచుకుని పెట్రోలు వదులుతుంది. బండి రోజుల తరబడి ఆగితే కార్బ్యురేటర్ బౌల్‌లోని, అంటే దాని అడుగు గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోతుంది. అప్పుడు బౌల్ నిండేదాకా కిక్ కొట్టాల్సిందే. ఆ సన్న పైపు పగిలినా, కాక్‌లో డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) గట్టిపడినా బౌల్ నిండటానికి ఇంకా ఆలస్యం. చేతక్ కాలంలో లాగా బండిని పక్కకు వంచితే దీనికి పనిచేయదు, అదో వేరే జాతి.

కాజీపేట బాబూ, ప్లగ్ పొడిగా ఉంటే ముందు ఆ పైపే చూడు. ఇంజన్ వైపు చివర ఊడదీసి సిరంజితో లాగు, కార్బ్యురేటర్‌కు వచ్చే పైపులో పెట్రోలు ధారగా రావాలి. సీసా కింద పెట్టుకో, దగ్గర్లో సిగరెట్లు వద్దు. పట్టిన పెట్రోలును గాజు సీసాలో కాసేపు ఉంచి చూడు. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు కలిశాయి, అప్పుడు బంకు వాణ్ణి తిట్టుకో, తప్పులేదు.

కాజీపేట_110
చేశాను బాబాయ్. ప్లగ్ పొడిగా ఉంది. సీసాలో నీళ్లు లేవు. వ్యాక్యూమ్ పైపు ఇంజన్ వైపు చివర పగిలి ఉంది, వేలితో వంచితే నోరు తెరుస్తోంది. కొత్త పైపు వేయించి, బౌల్, స్లో జెట్ కడిగించాను. వారం రోజులుగా పొద్దున రెండో సెల్ఫ్‌కే అందుకుంటోంది.

బంకు_బాధితుడు
చూశారా! పైపు పగిలింది దేనివల్ల? ఇథనాల్ రబ్బరును తినేసింది. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

ట్యాపెట్_బాబాయ్
వ్యాక్యూమ్ పైపులో పెట్రోలు పారదు తమ్ముడూ, గాలి లాగుతుందంతే. అది ఇంజన్ వేడికి, వయసుకు పగిలింది.

బంకు_బాధితుడు
కాక్ డయాఫ్రం పెట్రోలులోనే ఉంటుంది కదా? దాన్ని విప్పి చూశారా? ఫొటో పెట్టమనండి, అప్పుడు మాట్లాడదాం.

కాజీపేట_110
బండి నడుస్తోంది అన్నా, ఇప్పుడు మళ్లీ విప్పించను. ఈసారి సర్వీసింగ్‌లో ట్యాపెట్లతో పాటు కాక్ కూడా విప్పిస్తా, అప్పుడు ఫొటో పెడతా.