అప్‌డేట్: అస్మోడియన్‌ను చంపిందెవరో తెలిసింది (స్పాయిలర్లున్నాయి)

‘వీల్ ఆఫ్ టైమ్’ ఫాంటసీ నవలల్లో ఆరో పుస్తకం చదువుతూ మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగాను కదా: విలన్లలో ఒకడైన అస్మోడియన్‌ను ఎవరు చంపారు? హీరో పక్షాన చేరిన మజ్రిమ్ తయీమ్ అంటే మారువేషంలో ఉన్న మరో విలన్ డిమాండ్రెడ్డేనా? నిన్న రాత్రి పద్నాలుగోదీ అయిపోయింది.

మొదటిదానికి జవాబు గ్రెండాల్, ఆమె కూడా విలనే. ఒకరిద్దరు ముందే చెప్పారు, నేనే వినలేదు. 1993లో వచ్చిన ఐదో పుస్తకం చివర్లో వైన్ కోసం తలుపు తీసి చచ్చిపోయిన మనిషి సంగతి 2010లో, పదమూడో పుస్తకంలో తేలింది. అది కూడా ఎక్కడ? వెనకాల పదకోశంలో! కథలో చీకటి ప్రభువు దూత షైదార్ హారాన్ ఒక్క ముక్క అంటాడు, నిద్రమత్తులో దాటేశాను. పదిహేడేళ్లు ఎదురుచూసిన వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో పాపం.

రెండోదాంట్లో, అవునని వాదించి బోర్లా పడ్డాను. అయితే, వాదన మరీ గాలివాటం కాదండీ. తయీమ్ ఐయెల్ అనే ఎడారి యోధుల జనాన్ని ‘ఐయెల్ అని చెప్పుకునేవాళ్లు’ అన్నట్టు మాట్లాడతాడు. అది డిమాండ్రెడ్‌లా పాతయుగం ఐయెల్‌ని చూసినవాడి మాట. పైగా ఆరో పుస్తకం చివర్లో డిమాండ్రెడ్ తన పని బాగా చేశానని మురిసిపోతాడు. కానీ అతను షారా అనే దూరదేశం సైన్యంతో దిగేసరికి నా నోట్సన్నీ చెత్తబుట్టలోకే. తయీమ్ వేరే మనిషి, వేరే దుర్మార్గుడు, అంతే.

మగవాళ్లు వాడే మాయాశక్తి సైదీన్‌కి పట్టిన మైల ఎప్పటికీ పోదని పందెం కాసింది కూడా నేనే. తొమ్మిదో పుస్తకంలోనే పోయింది. బిర్యానీ బాకీ ఉన్నాను, ఆదివారం ఇస్తాను.