ల్యాబ్‌లో క్యూబ్ రీడింగులు కలవట్లేదు

ప్రశ్న: కాంక్రీట్ ల్యాబ్‌లో ఎం20 (28 రోజులకి 20 మెగాపాస్కల్ బలం రావాల్సిన కాంక్రీట్) టెస్ట్ క్యూబులు మూడు, 7 రోజులకి మెషిన్‌లో నొక్కి పగలగొడితే 9, 13, 14 మెగాపాస్కల్ బలం వచ్చింది. సగటు 12 అని రికార్డులో రాసేయొచ్చా?

జవాబు 1: కుదరదు బ్రో. ఏ క్యూబూ సగటుకి 15 శాతం మించి తేడా ఉండకూడదు. 9 ఏకంగా 25 శాతం తక్కువ, 14 కూడా కొద్దిగా దాటింది. పగిలిన ముక్క చూడు: నాలుగు పక్కలా పెచ్చులూడి నడుము సన్నబడితే సరే. ఒక మూలే చితికితే, తాపీతో చదును చేసిన ముఖం మెషిన్ ప్లేటుకి ఆనించి ఉండొచ్చు. అచ్చుకి ఆనిన పక్కల మీదే లోడ్ పడాలి.

జవాబు 2: పగిలిన ముక్కలో కన్నాలు కనిపిస్తే, పోసేటప్పుడు కాంక్రీట్‌ని కడ్డీతో కూరడం చాల్లేదన్నమాట. 150 మి.మీ. అచ్చు, మూడు పొరలు, పొరకి 16 మి.మీ. కడ్డీతో 35 పోట్లు. అందరూ పైపొరకే బద్ధకిస్తారు!

అడిగినవారు: మూలే చితికింది. మళ్లీ పోస్తాం.