మత్తు డోసు మించి ఊపిరి ఆగిపోతుంటే ఇచ్చే విరుగుడు నలాక్సోన్. అది మత్తు వాడేవాళ్ళ ఇళ్ళల్లో, స్నేహితుల చేతుల్లో ఉండాలా, వద్దా?

పెరంబూర్_వాణి:
మా ఆయన పిన్ని కొడుకు, ఇరవై ఆరేళ్ళవాడు, నొప్పి మాత్రలు సూదితో ఎక్కించుకునేవాడు. డీ-అడిక్షన్ సెంటర్‌లో రెండు నెలలు ఉండి వచ్చి, వచ్చిన నాలుగో రోజే పోయాడు. ఆ రాత్రి గదిలోంచి పెద్ద గురక, మధ్యమధ్యలో ఆగిపోయి గరగరమంటూ మళ్ళీ మొదలయ్యేది. చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోతున్నాడని చిన్నత్త ఫ్యాన్ స్పీడు పెంచి, తలుపు దగ్గరకేసి వచ్చింది. తెల్లారి చూస్తే పెదాలు, గోళ్ళు నీలం. ఊపిరి అందనప్పుడు అలాంటి చప్పుడే వస్తుందని మాకెవరూ చెప్పలేదు. సెంటర్ వాళ్ళు పంపేటప్పుడు విటమిన్ మాత్రలు రాసిచ్చారు గానీ, రెండు నెలలు మానేసిన ఒంటికి పాత డోసే ప్రాణం తీస్తుందన్న ముక్క చెప్పలేదు. ఆ రాత్రి ఇంట్లో విరుగుడు ఉండి, మాకు ఆ గురక అర్థమై ఉంటే? ఉండాలనే నా మాట.

సూళ్లూరుపేట_రవి:
వాణిగారూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. అయినా నేను ఒప్పుకోలేను. తాంబరంలో మా వీధి చివరి గ్రౌండ్‌లో సూదులు దొరుకుతున్నాయి, నాకు ఇద్దరు మగపిల్లలు, రోజూ టెన్షనే. ముందు అమ్మేవాణ్ణి లోపలెయ్యాలి. విరుగుడు జేబులో ఉంటే ఉన్న కాస్త భయం కూడా పోయి ఇంకాస్త ఎక్కువేసుకుంటారు.

మందులషాపు_శీను:
రవి అన్నా, నలాక్సోన్ కిక్కిచ్చే మందు కాదు. మెదడులో ఓపియాయిడ్ (హెరాయిన్, కొన్ని గట్టి నొప్పి మాత్రల్లాంటి మత్తు) పట్టుకుని కూర్చున్న చోటునుంచి దాన్ని తోసేస్తుంది. కొన్ని నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది, దాంతోపాటే వాంతులు, చెమటలు, ఒళ్ళు నొప్పులు వస్తాయి. ఆ బాధ ఎవరు కోరి తెచ్చుకుంటారు? పక్కనుండేవాళ్ళ చేతిలో ఇది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అమెరికాలో 2023 నుంచి ముక్కులో కొట్టే స్ప్రే చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దగ్గర ఎక్కువగా ఇంజెక్షనే, అదీ డాక్టర్ చీటీ మీదే. అయితే దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, ఒంట్లో మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉంటే ఊపిరి మళ్ళీ ఆగొచ్చు, అందుకని 108 పిలవక తప్పదు. మద్యం, నిద్రమాత్రలు కలిసుంటే వాటికిది విరుగుడు కాదు.

సూళ్లూరుపేట_రవి:
ఆ 108 ఎవరు పిలుస్తారు తమ్ముడూ? పోలీసులొస్తారని పక్కనున్నవాడు పారిపోడూ?

మానేసి_ఆరేళ్ళు:
పారిపోతాడు రవిగారూ. నేనూ పారిపోయాను. అవతలివాడు బతికాడు, నా ఘనత కాదు, వాచ్‌మెన్ చూశాడు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాణ్ణి ఆస్పత్రికి తెచ్చినవాళ్ళకి మోటారు వాహనాల చట్టంలో 2019 నుంచి రక్షణ ఉంది. మత్తు మందుల చట్టంలో 64ఏ సెక్షన్ చికిత్సకి తనంతట తాను వచ్చినవాడికే పనికొస్తుంది, స్నేహితుణ్ణి తెచ్చినవాడి ఊసు అందులో లేదు. ఇది మార్చమని అడగాలి. ఇంకోటి, నేను మానింది భయపడి కాదు. ప్రభుత్వ సెంటర్‌లో రోజూ నాలుక కింద పెట్టే బ్యూప్రెనార్ఫిన్ (మత్తు కోరికని అదుపులో పెట్టే మందు) మాత్రతో, ఒకప్పుడు నాలాగే వాడిన ఒక అన్న పొద్దున్నే వచ్చి లేపి, టీ తాగించి తీసుకెళ్ళడంతో. ఆయన చెప్పేవాడు: మానలేకపోతే మానలేకపో, ఒంటరిగా మాత్రం వేసుకోకురా, తలుపు గడియ పెట్టుకోకు. ఆ మాట డాక్టర్ చెప్తే నేను వినేవాణ్ణి కాదు. స్ప్రే ఇవ్వాల్సింది కూడా అలాంటివాళ్ళ చేతికే.

పెరంబూర్_వాణి:
ఆ రాత్రి పదకొండు దాకా మావాడితో ఒక స్నేహితుడున్నాడు. మాట ముద్దముద్దగా వస్తుంటే అనుమానం వచ్చిందట, అయినా చెప్పకుండా వెళ్ళిపోయాడు. పదకొండో రోజున గేటు దగ్గర నిలబడి లోపలికి రాలేక ఏడ్చాడు. వాడిమీద నాకు కోపం లేదు. ఇరవై రెండేళ్ళు కూడా లేవు వాడికి.

సూళ్లూరుపేట_రవి:
అమ్మేవాళ్ళ విషయంలో నా మాట అదే. స్ప్రే గురించి ఆలోచించాలి, వెంటనే అవునని చెప్పలేను. గురక సంగతి మాత్రం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రాస్తా, మీ వివరాలు లేకుండా. రాయొచ్చా అమ్మా?

పెరంబూర్_వాణి:
రాయండి. భుజం పట్టి గట్టిగా కుదిపినా లేవకపోతే వెంటనే 108కి చేసి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, వాళ్ళొచ్చేదాకా దగ్గరే కూర్చోమని కూడా రాయండి. తమిళంలో కూడా పెట్టండి అన్నయ్యా.