పాత పెంకుటింట్లో 10×11 గదిని జెన్ పద్ధతిలో మార్చాలి: గోడకి చెమ్మ, కింద ఎర్ర గచ్చు

తనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పాత పెంకుటిల్లు. వీధివైపు గదిని జపాన్ జెన్ (బౌద్ధ ధ్యాన పద్ధతి) గదిలా తక్కువ సామానుతో, ప్రశాంతంగా ఉండేలా మార్చాలని ఉంది. పొద్దున అరగంట కూర్చోవడానికి, సాయంత్రం చదువుకోవడానికి. బుద్ధుడి బొమ్మ, కరెంటు ఫౌంటెను లాంటివి అక్కర్లేదు.

కొలతలు: 10 అడుగులు × 11 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. ఎర్ర గచ్చు, నునుపు ఇంకా బాగానే ఉంది. పడమర ఒకే కిటికీ, 3×4 అడుగులు. గోడల్లో మొత్తం నాలుగు గూళ్లు, పైన ఒక అటక.

చిక్కులు ఇవీ. ఉత్తరపు గోడ (11 అడుగులది) కింద నుంచి రెండడుగుల దాకా చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతోంది. మేస్త్రి పుట్టీ పెట్టి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేద్దామంటున్నాడు. వేయించవచ్చా? తతామి చాపలు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, కొనాలా? లైటు ఎలాంటిది పెట్టాలి? ఇంకొకటి, ఆ ఉత్తరపు గోడకి ఆనుకుని బయట 6×4 అడుగుల ఖాళీ జాగా ఉంది. అక్కడ గీతలు గీసే కంకర తోట చేద్దామని ఆలోచన. మొత్తం 40 వేలకి మించకూడదు.

---

సున్నపుగోడ (బరంపురం)

గోడ సంగతి తేలేదాకా చాప కాదు కదా, బల్బు కూడా కొనకండి.

ముందు చెమ్మ ఎటు నుంచి వస్తోందో చూడాలి. చదరపు అడుగు పాలిథిన్ ముక్కను గోడకి నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. పాలిథిన్ వెనక, గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. పైన, గది వైపు పడితే గాలిలో తేమ చల్లటి గోడ మీద పేరుకుంటోందన్నమాట. రెండడుగుల ఎత్తులో గీత గీసినట్టు ఆగిందంటే చాలా వరకు మొదటిదే. పాత ఇళ్లకి పునాది మీద చెమ్మ ఆపే పొర ఉండదు, నేల తడిని గోడ ఒత్తిలా పీల్చుకుంటుంది.

తర్వాత బయటికెళ్లి చూడండి. బయటి నేల లోపలి గచ్చు కంటే కనీసం 6 అంగుళాలు కిందకి ఉండాలి. రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ పోతే వీధే ఇంటి కంటే ఎత్తవుతుంది, పాత వీధుల్లో సగం చెమ్మకి మూలం అదే. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయేమో కూడా చూడండి. ఈ రెండూ సరిచేయకుండా లోపల ఏం పూసినా డబ్బు దండగ.

వాటర్‌ప్రూఫ్ పెయింటు ఎందుకు వద్దంటే, అది నీటిని ఆపదు, ఆరకుండా మూస్తుంది. ఆరే దారి లేని తడి ఇంకా పైకి పాకుతుంది, రెండడుగుల మరక నాలుగడుగులవుతుంది. తడితో వచ్చిన ఉప్పు పెయింటు పొర వెనకే గడ్డకట్టి దాన్ని బయటికి తోస్తుంది. పెయింటు మీద లేచే పొక్కులు అవే.

చేయాల్సింది: తడి గీతకి ఒక అడుగు పైదాకా, అంటే మూడడుగుల ఎత్తు పాత పూత మొత్తం కొట్టించేయండి. ఇటుకల సందులు అరంగుళం లోతు గీకించి, పొడి బ్రష్‌తో ఉప్పు దులిపించండి. నీళ్లతో కడిగితే ఉప్పు తిరిగి లోపలికి పోతుంది. మూడు నాలుగు వారాలు కిటికీ తెరిచి అలాగే ఆరనివ్వండి. ఆ తర్వాత ఒక పాలు సున్నపు ముద్ద, మూడు పాళ్లు ముతక ఇసుక. మీ గోడకి 33 చదరపు అడుగులు, 20 మి.మీ. మందం లెక్కన ఇసుక రెండున్నర ఘనపుటడుగులు, సున్నం ముప్పావు పైచిలుకు పడుతుంది. 10 మి.మీ. చొప్పున రెండు పూతలు, మొదటిది గట్టిపడ్డాకే రెండోది. వారం పది రోజులు రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరించి, ఎండ తగలకుండా తడి గోనెపట్టా వేలాడదీయాలి. సున్నం గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. తొందరపడి ఆరబెడితే పొడిపొడిగా రాలిపోతుంది.

మేస్త్రి 'గుప్పెడు సిమెంటు కలిపితే గట్టిగా ఉంటుంది' అంటాడు. వద్దనండి. మీకు కావాల్సింది గట్టి గోడ కాదు, ఊపిరాడే గోడ.

రంగుకి బదులు నాలుగు గోడలకీ సున్నమే వేయండి. పాత డిస్టెంపరు, ప్లాస్టిక్ పెయింటు ఉంటే పూర్తిగా గీకాలి, వాటి మీద సున్నం నిలవదు. గోడ తడిపి, పాలంత పలచగా మూడు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు. వేసేటప్పుడు ఏమీ కనిపించదు, ఆరాక తెలుపు తేలుతుంది. అది తెలియక చిక్కగా వేస్తే పొలుసులు లేస్తుంది. మీ గదికి మూడు పూతలకీ కలిపి 5–6 కేజీల సున్నం చాలు. పచ్చి సున్నం మీరే విరియబెడితే కళ్లకి అద్దాలు తప్పనిసరి, కుతకుత ఉడికి చిందుతుంది.

ఒక చిన్న మాట. ఎర్ర గచ్చు మీద సాయంత్రపు ఎండ పడితే తెల్ల గోడలన్నీ గులాబీ రంగు తిరుగుతాయి. అది నచ్చకపోతే కేజీ సున్నానికి 20–30 గ్రాముల పసుపు ఆక్సైడ్ కలపండి. 50 గ్రాములు దాటితే చేతికి అంటుకుంటుంది.

---

మసిణా_చాప (గుణుపురం)

తతామి కొనకండి. అసలు తతామి సుమారు 90×180 సెం.మీ., ఐదున్నర సెం.మీ. మందం. లోపల వరిగడ్డి అదిమి, పైన గడ్డి చాప కుడతారు. జపాన్ ఇళ్లలో దాని కింద నేలకి ఎత్తుగా చెక్క తట్టు ఉంటుంది, అడుగున గాలి ఆడుతుంది. మన గచ్చు నేరుగా మట్టి మీద ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ మందం చాప పరిచి వదిలేస్తే అడుగున బూజు, తర్వాత పురుగు. పైకి బాగానే కనిపిస్తుంది, ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.

తుంగ చాప చాలు. సంతలో ఒడియా వాళ్ల దగ్గర 'మసిణా' అని అడగండి. 3×6 అడుగులది ఒక్కటి. గది మొత్తం పరచొద్దు. అంత బాగున్న ఎర్ర గచ్చుని కప్పేస్తే ఆ గదిలో ఇంకేం మిగులుతుంది? కూర్చుని లేవగానే చాప చుట్టి నిలబెట్టాలి, వానాకాలంలో వారానికోసారి ఎండ కనిపించినప్పుడు బయట వేయాలి. గచ్చుకి ఉత్త నీళ్ల తడిగుడ్డ, నెలకోసారి గుడ్డకి నాలుగు చుక్కలు కొబ్బరినూనె. బాత్రూం యాసిడ్ తగిలితే నునుపు పోతుంది, మళ్లీ రాదు.

కూర్చునే దిండు (జపాన్ వాళ్లు జఫూ అంటారు) కూడా కొనక్కర్లేదు. అందులో వాడేది కపోక్, అంటే మన బూరుగు దూది లాంటిదే. ముతక నూలు గుడ్డలో 11 అంగుళాల వ్యాసంతో రెండు గుండ్రటి ముక్కలు, పక్క పట్టీ 8 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. పట్టీని కుచ్చిళ్లు పెట్టి గుండ్రటి ముక్కలకి కుట్టి, చివర్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చేచోట దూది కూరడానికి సందు వదలండి. కేజీ దాకా పడుతుంది. బూరుగు దూది కొన్ని నెలలకి అణుగుతుంది, మళ్లీ కూరడానికే ఆ సందు. మోకాళ్లు నేలకి ఆనకపోతే ఎత్తు చాలనట్టు.

గూళ్ల విషయానికొస్తే, జపాన్ గదిలో తొకొనోమా అని ఒక గూడు లాంటి భాగం ఉంటుంది. అక్కడ చుట్టగా చుట్టి దాచుకోగల ఒక వేలాడే పటం, ఒక పువ్వు, అంతే. మీకు నాలుగు గూళ్లున్నాయి కాబట్టి నాలుగూ అలంకరించాలనిపిస్తుంది. ఒక్కదాంట్లోనే పెట్టండి, మిగతా మూడూ ఉత్తవి ఉంచండి. పెట్టేది కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా ఉన్న గూట్లో. ఇత్తడి చెంబులో ఒక రెమ్మ. గన్నేరు మాత్రం వద్దు, విషం, పిల్లలుంటే మరీనూ. గంజాం మొగలి పొత్తి పెడితే వాసన తప్ప ఇంకేదీ తోచదు, కూర్చోవడానికి పనికిరాదు.

సామాను తగ్గించడానికి ఒక్కో వస్తువు పట్టుకుని ఉంచాలా తీయాలా అని ఆలోచించకండి. అన్నీ బయటపెట్టి గది రెండు వారాలు ఉత్తిదే ఉంచండి. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి అడిగినవే తిరిగి లోపలికి. తీసినవాటిని అటక మీదికి ఎక్కించకండి, తల మీద గుట్ట కనిపిస్తూనే ఉంటుంది.

లైటు: నేల మీద కూర్చుంటే కన్ను రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి బల్బు నేరుగా కనిపించకూడదు, లెక్క అంతే. నేల మీద పెట్టే పొట్టి దీపం, 5 నుంచి 7 వాట్ల ఎల్‌ఈడీ, వెలుతురు గోడకి తగిలి తిరిగొచ్చేలా. డబ్బా మీద 2700 కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత) అని ఉండాలి, ఉత్త 'వార్మ్' అనే మాట నమ్మొద్దు. చదవడానికి భుజం వెనక ఇంకొకటి, విడి స్విచ్చితో. ఎల్‌ఈడీ స్ట్రిప్పు పెడతామంటారు. నునుపు గచ్చులో ఒక్కో చుక్కా ప్రతిబింబించి తోరణంలా కనిపిస్తుంది. ఫ్యాన్ రెగ్యులేటరుకి మామూలు ఎల్‌ఈడీ కలిపితే మిణుకుతుంది, గుయ్యిమంటుంది.

పడమటి కిటికీకి వెదురు తెర బయట కట్టండి. లోపల కడితే వేడి అప్పటికే గదిలోకి వచ్చేస్తుంది. వెదురుకి పుచ్చు పట్టకుండా బోరిక్ యాసిడ్ 2 పాళ్లు, బోరాక్స్ 3 పాళ్లు కలిపి, 100 లీటర్లకి 5 కేజీల చొప్పున నీళ్లలో వేసి, చీల్చిన బద్దల్ని వారం నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఆ నీళ్లు పశువులు తాగకుండా చూసుకోండి.

---

తనయ_ఒడ్డు

చాలా థాంక్సండి ఇద్దరికీ. పాలిథిన్ అంటించాను. సామాను ఇప్పటికే చాలావరకు తీశాం, మాట్లాడితే గది మోగుతోంది. దీనికేం చేయాలి? కంకర తోట గురించి ఎవరైనా చెప్పగలరా?

---

కంకరగీత (రాయగడ)

మోత ఎదురెదురు గోడల మధ్య పుడుతుంది. చప్పట్లు కొడితే టకటకమని తిరిగొస్తుంది చూడండి. ఎదురెదురు జతల్లో ఒక్కో గోడకి మెత్తనిది తగిలిస్తే చాలు, నాలుగింటికీ అక్కర్లేదు. పాత నూలు బొంతని కూర్చునే చోటు వెనక గోడకి, రెండంగుళాలు ఎడంగా కర్రకి వేలాడదీసి, ముందు సాదా తెల్ల గుడ్డ వేయండి. పక్క గోడల జతకి కిటికీ వైపు మందపాటి తెర సరిపోతుంది.

ఇక తోట. క్యోతోలో ర్యోఅన్‌జి గుడి తోటలో 15 రాళ్లున్నాయి, వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక్కటైనా దాగిపోతుంది. అలాంటిది 6×4లో కుదరదు, మూడు రాళ్లు మించకండి. మూడూ ఒకే జాతి రాయి, మూడో వంతు భూమిలో పాతి, మీరు చూసే చోటు నుంచి ఒకదాన్నొకటి కొంచెం కప్పేలా. మన కొండల్లో దొరికే ఖొండలైట్ (కోణార్కలో వాడింది ఎక్కువగా అదే) చూడటానికి మెత్తగా బాగుంటుంది గానీ, వానకి అరిగి తుప్పు రంగు కారుతుంది. బూడిద రంగు కంకర మీద ఆ మరక కొందరికి ఇష్టం, కొందరికి కాదు. మరక వద్దంటే గ్రానైటు.

కంకర: క్రషర్లో 6 మి.మీ. బూడిదరంగు గ్రానైటు చిప్స్. రెండున్నర అంగుళాల మందానికి 5 ఘనపుటడుగులు, సుమారు 200 కేజీలు. ఏటి ఇసుక గాలికి పోతుంది, పిల్లులకి మరుగుదొడ్డి అవుతుంది. తెల్ల పాలరాయి చిప్స్ ఎండలో కళ్లు చెదరగొడతాయి, ఒక్క వానాకాలానికే పాచి పట్టి పచ్చబడతాయి.

అందరూ చేసే తప్పు చిప్స్ కడగకపోవడం. క్రషర్ పొడి అందులోనే ఉంటే రెండు వానలకి గట్టిగా పట్టుకుని గీత పడదు. జల్లెడలో పోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఇంకో తప్పు అడుగున పాలిథిన్ వేయడం. నీళ్లు నిలిచి దోమలు. జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయండి, నీరు దిగుతుంది. దాన్ని కూడా తుంగ పొడుచుకొస్తుంది కాబట్టి, ముందే 4 అంగుళాలు తవ్వి తుంగ గడ్డలన్నీ ఏరాలి. తవ్విన గుంత అడుగుభాగం 6 అడుగుల పొడవులో ఒక అంగుళం వాలుగా ఉండాలి. చుట్టూ ఇటుకలు నిలువుగా పాతి, కంకర మట్టం కన్నా అంగుళం పైకి.

చూరు నీళ్లు పడే గీత మీద కంకర వేస్తే గుంత పడుతుంది. జపాన్‌లో ఆ గీత పొడుగునా పెద్ద గులకరాళ్ల పట్టీ వేస్తారు, మీరూ అడుగు వెడల్పున వేయండి. రాళ్లు ఏట్లోంచి తెచ్చుకోవద్దు, అనుమతి లేకుండా తీయడం నేరం.

గీతల పలక: 18 అంగుళాల చెక్క, పళ్లు త్రికోణంగా ఒక అంగుళం లోతు, శిఖరానికీ శిఖరానికీ 2 అంగుళాలు. పళ్లు దగ్గరైతే 6 మి.మీ. చిప్స్ గీతని నిలబెట్టవు, జారిపోతాయి. పెద్ద వాన వచ్చిన ప్రతిసారీ చెరుగుతుంది. మళ్లీ గీయడం కూడా ఇందులో భాగమే.

---

సున్నపుగోడ

కంకరగీత గారు చెప్పినదంతా సరే, ఒక్క విషయం. జాగా ఉత్తరపు గోడకి 'ఆనుకుని' అన్నారు, అంటే చెమ్మ పట్టిన గోడే. 4 అంగుళాలు తవ్వి కంకర నింపితే అది నీళ్లు దాచే గుంత అవుతుంది, ఆ నీళ్లన్నీ గోడ మొదటికే. తోటని గోడ నుంచి కనీసం అడుగున్నర జరపండి. 6×4 కాస్తా 6×2½ అవుతుంది, కంకర 3 ఘనపుటడుగులకి తగ్గుతుంది. మధ్యలో మిగిలిన అడుగున్నరలో గులకరాళ్ల పట్టీ, కింద నేల గోడ నుంచి బయటికి వాలుగా. చిప్స్ కడిగిన నీళ్లు కూడా అక్కడ పారబోయకండి.

---

తనయ_ఒడ్డు

పాలిథిన్ తీశాను. చుక్కలు గోడ వైపే ఉన్నాయి. బయటి మట్టి గచ్చు కంటే రెండంగుళాలు ఎత్తుంది. ముందు ఆ మట్టి తవ్వించి, పూత కొట్టిస్తున్నాను. తోట వచ్చే చలికాలానికే.

సున్నపుగోడ

తవ్వేటప్పుడు పునాది రాళ్లు బయటపడితే అక్కడితో ఆపించండి, ఇంకా లోతుకి వెళ్లొద్దు.