'నిజం నిలకడ మీద తెలుస్తుంది': ర్యామ్ పరీక్షల్లో 'స్టెబిలిటీ'కి 'నిలకడ' సరిపోతుందా?

ప్రశ్న (ఒంగోలు నుంచి):

కంప్యూటర్ ర్యామ్‌ను (పని జరిగేటప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీని) ఓవర్‌క్లాక్ చేయడం గురించి, అంటే నిర్దేశించిన వేగానికి మించి నడిపించి, ఆ వేగంలో తప్పులు దొర్లుతున్నాయేమో పరీక్షించడం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 'స్టెబిలిటీ' అన్న చోటల్లా 'స్థిరత్వం' అని రాసుకుంటూ వచ్చాను గానీ, చదివి చూస్తే విషయానికి ఎక్కడో ఎడంగా ఉన్నట్టు తోస్తోంది. మా వైపు రిపేరు దుకాణాల్లో 'ఈ స్పీడుకు నిలబడట్లా' అంటారు. దాన్నిబట్టి 'నిలకడ' అని రాస్తే సాంకేతిక రచనలో చెల్లుతుందా? తెలిసిన పెద్దలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (నెల్లూరు నుంచి):

నిస్సంకోచంగా రాయండి. ఈ పనికి అంతకన్నా తగిన మాట మనకు లేదని నా అభిప్రాయం.

'నిలు' ధాతువుకు 'కడ' చేరి 'నిలకడ' అయింది. రాకడ, పోకడ కూడా ఇదే తీరున ఏర్పడిన మాటలు. ఇవన్నీ ఒక క్రియను, అది జరిగే తీరును పట్టి చూపిస్తాయి. 'నిజం నిలకడ మీద తెలుస్తుంది' అన్న సామెతలో 'నిలకడ మీద' అంటే కొంతకాలం ఆగి చూస్తే అని అర్థం. నిలిచి ఉండటం, కాలం గడవటం అనే రెండు భావాలూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ర్యామ్ పరీక్షకు ప్రాణం లాంటిది కూడా ఆ కాలమే.

డీడీఆర్4 అనే తరం ర్యామ్‌కు పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠ వేగం 3200 (సెకనుకు ఇన్ని మిలియన్ల బదిలీలు), వోల్టేజి 1.2 వోల్టులు. ఎక్స్‌ఎంపీ ప్రొఫైలు (తయారీదారు ర్యామ్‌లోనే ఉంచిన, ఎక్కువ వేగానికి తగిన అమరిక) పెట్టి 3600కు పెంచేటప్పుడు సాధారణంగా 1.35 వోల్టులు ఇస్తారు. సీఎల్ అంటే సమాచారం అడిగాక అది వచ్చేలోపు గడిచే గడియారపు టిక్కుల లెక్క. 3200 వేగంలో సీఎల్ 16 అంటే 10 నానోసెకన్ల వ్యవధి. అదే 16ను మార్చకుండా వేగాన్ని 3600కు తీసుకువెళితే వ్యవధి దాదాపు 8.9 నానోసెకన్లకు పడిపోతుంది. అంకె మారకపోయినా, అడిగిన సమాచారాన్ని ర్యామ్ ఆ తగ్గిన వ్యవధిలోనే తీసి ఇవ్వాలి. ఎక్కువసార్లు ఇస్తుంది, ఎప్పుడో ఒకసారి ఇవ్వలేకపోతుంది. ఆ ఒక్కసారి ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పలేము కనుకనే గంటల తరబడి పరీక్షిస్తారు. విండోస్ తెరుచుకుంది, పాట వినిపించింది, ఆట కూడా ఆడింది అంటే అది నిలకడకు రుజువు కాదు.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాములో ఒక పరీక్ష ఉంది. అది ర్యామ్ నిండా ఒకట్లు రాసి, కొన్ని నిమిషాలు ఏమీ చేయకుండా ఊరుకుని, ఆ తరువాత ప్రతి గడినీ (ఒక బిట్టును, అంటే ఒక ఒకటినో సున్ననో దాచే చోటును) తిరిగి చదివి, రాసినవి రాసినట్టే ఉన్నాయా అని చూస్తుంది. సున్నాలతోనూ అదే చేస్తుంది. సామెతను ప్రోగ్రాముగా రాస్తే ఇంతకు భిన్నంగా ఉండదని నాకు అనిపిస్తుంది. తప్పు దొరికినప్పుడు తెరమీద ఎర్రని వరుస ఒకటి పడుతుంది: ఒక చిరునామా, ఉండవలసిన విలువ, దొరికిన విలువ. ఉండవలసినది వరుసగా ఎనిమిది 'ఎఫ్'లు అనుకుందాం. దొరికిన దానిలో ఏడు 'ఎఫ్'లు, ఒక 'ఈ' ఉన్నాయనుకుందాం. ఈ విలువలను రాసే పదహారు అంకెల పద్ధతిలో 'ఎఫ్' అంటే నాలుగు ఒకట్లు, 'ఈ' అంటే మూడు ఒకట్లు, ఒక సున్న. అంటే కోట్ల కొద్దీ బిట్లలో ఒకే ఒక్క బిట్టు తిరగబడింది. ఆ బిట్టు ఫొటోలో పడితే ఎక్కడో ఒక చుక్క రంగు మారి కంటికి ఆనకపోవచ్చు, అదే సిస్టమ్ ఫైలులో పడితే మరునాడు విండోస్ తెరుచుకోకపోవచ్చు.

దీనితోపాటు 'కుదురు' అన్న మాటనూ వాడుకోవచ్చు, అయితే అది వేరే దశకు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు మదర్‌బోర్డు ర్యామ్‌తో సంకేతాల సమయాలను సరిచూసి సర్దుకుంటుంది. దీనిని మెమరీ ట్రైనింగ్ అంటారు. కుండ కదలకుండా కింద పెట్టే చుట్టకుదురులాగా, అక్కడ ర్యామ్ ఆ వేగానికి 'కుదురుకుంటుంది'. కుదురుకున్నదల్లా నిలకడగా ఉంటుందని లేదు. ఈ తేడాను మీ వ్యాసంలో పాటిస్తే పాఠకులకు రెండు దశలూ విడివిడిగా అర్థమవుతాయి.

మరొక సభ్యుడు (కావలి నుంచి):

'ధరల స్థిరత్వం', 'రాజకీయ స్థిరత్వం' అని పత్రికలు రాస్తూనే ఉన్నాయి కదండీ. 'వాడికి నిలకడ లేదు' అని మనిషి స్వభావాన్ని చెప్పే మాటను యంత్రానికి తెచ్చిపెడితే శాస్త్రీయత తగ్గదా?

సమాధానం:

అవే పత్రికలు 'రోగి ఆరోగ్య పరిస్థితి నిలకడగా ఉంది' అని కూడా రాస్తాయండీ. వైద్యులు పరిశీలనలో ఉంచి, కొన్ని గంటలు గమనించిన మీదట చెప్పే మాట అది. మన సందర్భానికి ధరలకన్నా ఆ రోగి పరిస్థితే దగ్గర. 'వాడికి నిలకడ లేదు' అన్నప్పుడు కూడా ఒక్కనాటి నడవడిని చూసి అనము, పలుమార్లు చూసిన తరువాతే అంటాము.

ఇంకొక కారణం మన వాతావరణంలోనే ఉంది. ర్యామ్‌లోని ఒక్కొక్క గడి ఒక చిన్న కెపాసిటర్. అందులోని విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది కనుక 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ మళ్లీ నింపాలి. వేడి పెరిగేకొద్దీ ఆవేశం త్వరగా కారిపోతుంది. చిప్పు 85 డిగ్రీలు దాటితే ఆ గడువును సగానికి తగ్గించాలని ప్రమాణమే చెబుతోంది. వేగం కోసం మళ్లీ నింపే ఎడాన్ని పెంచుకున్నవారికి ఈ చిక్కు ముందుగా ఎదురవుతుంది. సంక్రాంతి చలిలో ఒక్క తప్పూ రాని అమరిక, రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు, ఏసీ లేని గదిలో తప్పులు చూపవచ్చు. 'స్థిరం' అనగానే ఇక మారదన్న ధ్వని వస్తుంది. 'నిలకడ' అంటే ఎంతకాలం, ఏ వేడిలో అన్న ప్రశ్నకు చోటు మిగులుతుంది.

కనుక వ్యాసంలో 'ఈ ర్యామ్ 3600 వద్ద కుదురుకుంది గానీ నిలకడ లేదు', '1.35 వోల్టుల వద్ద రాత్రంతా నిలకడగా నడిచింది', 'నిలకడ పరీక్ష మధ్యలో తప్పు వచ్చింది' అని రాయవచ్చు. ఓవర్‌క్లాక్, వోల్టేజి, బిట్టు వంటివాటిని మాత్రం అలాగే ఉంచండి. దుకాణంలో వాటిని వాడుతున్నవారికి కొత్త మాటలు కట్టి ఇవ్వనక్కరలేదు.