పాత పొగ అలారాల్ని పాత సామాన్లకి వేయొచ్చా?

కందుకూరు రైతుబిడ్డ: మా పొగాకు గోడౌన్ పైకప్పు మారుస్తున్నాం. కిందికి దించిన పొగ అలారాలు 14. వెనక రేడియేషన్ గుర్తు, 'అమెరీషియం 241' అని ఉంది. పాత సామాన్లతో కలిపి వేసేద్దామంటే మా బావ వద్దంటున్నాడు.

పెన్నా గట్టు: వేయొద్దన్నా. 2010లో ఢిల్లీ మాయాపురిలో వేలంలో కొన్న పాత మిషన్ విప్పితే రేడియేషన్ తగిలి మనిషి చనిపోయాడు.

లెక్కల మాష్టారు, ఒంగోలు: అది కోబాల్ట్ 60, ఒంట్లోంచి దూసుకుపోయే గామా కిరణాలు. దీనికీ దానికీ పోలికే లేదు. ఈ అలారాల్లో ఉండేది అమెరీషియం డయాక్సైడ్ అనే రేడియోధార్మిక పదార్థం, మామూలుగా 0.3 మైక్రోగ్రాములు. బంగారంతో కలిపి రేకులా సాగదీసి బిళ్లలో పెడతారు. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలు రెండు పలకల మధ్య గాలిని అయాన్లు (కరెంటు మోసే కణాలు) చేసి సన్నటి కరెంటు పారిస్తాయి. పొగ చొరబడితే కరెంటు తగ్గి అలారం మోగుతుంది. ఆల్ఫా కాగితం కూడా దాటదు. జనాన్ని భయపెట్టొద్దు.

పెన్నా గట్టు: ఆ అమెరీషియం సగం తరగడానికి 432 ఏళ్లు పడుతుందా లేదా?

లెక్కల మాష్టారు, ఒంగోలు: పడుతుంది. అయితే ఏంటి? కాగితం దాటదని చెప్పాగా.

కావలి కుర్రోడు: కొత్తవి ఫోటోఎలక్ట్రిక్ (వెలుతురుతో పొగని పసిగట్టేవి) వేసుకోండన్నా, ఈ బిళ్ల గోలే ఉండదు.

పెన్నా గట్టు: కాగితం, కాగితం! మాష్టారూ, మా నాయన పాత ఇనప కొట్టులో 20 ఏళ్లు చేశాడు. ఏ డబ్బా వచ్చినా సుత్తితో పగలగొట్టి రాగి వేరు చేయడం, అదే చేత్తో అన్నం తినడం. ఒకసారి డబ్బాలో యాసిడ్ ఉంది. ఎడమ చేతి మూడు వేళ్లు వంకరపోయినాయి, చొక్కా గుండీ పెట్టుకోలేడు. అమ్మినోళ్లకి అందులో ఏముందో తెలుసు. ఒక్క మాట చెప్పలేదు. ఈ బిళ్ల మీద సుత్తి దెబ్బ పడితే, ఆ పొడి నోట్లోకి పోతే?

లెక్కల మాష్టారు, ఒంగోలు: లోపలికి పోతే ప్రమాదమే అబ్బయా. ఎముకల్లో, కాలేయంలో చేరుతుంది. అలారం బిగించి ఉన్నంత కాలం ఏమీ చేయదన్న మాట మీదే ఉన్నా. పగలగొట్టేవాడి సంగతి నేను ఆలోచించలేదు.

పెన్నా గట్టు: నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఆయన సంగతే.

కందుకూరు రైతుబిడ్డ: ఒక్కటీ విప్పలేదు. 14 అట్టపెట్టెలో సర్ది, గుర్తు పైకి కనపడేలా రాసి తాళం వేశా. అమ్మిన కంపెనీని వెనక్కి తీసుకోమని అడుగుతా, కాదంటే అణుశక్తి నియంత్రణ మండలికి రాస్తా. సామాన్లతను రేపు పొద్దున వస్తాడు, పైకప్పు రేకులే ఇస్తా.