సమస్యాపూరణం: చీటి నింపినంత చేటు గలిగె

నిర్వాహకుడు
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*చీటి నింపినంత చేటు గలిగె*

సందర్భం తంబోలా. హౌసీ అన్నా అదే. అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసినప్పుడు, కిట్టీ పార్టీల్లో, పెళ్లింట చుట్టాలు చేరినప్పుడు ఆడే ఆటే. ఒకరు ఒక్కో నంబర్ పిలుస్తుంటే, మన చీటి (టికెట్) మీద అది ఉంటే కొట్టేస్తూ పోవాలి. చీటి నిండితే బహుమతి రావాలి కదా, చేటు ఎందుకొచ్చిందో మిగతా మూడు పాదాల్లో మీరు చెప్పాలి. ఒక షరతు: రేపు ఆటకు కూర్చునేవాళ్లకు పనికొచ్చే మాట పద్యంలో ఒక్కటైనా ఉండాలి. అరసున్నలు లేకపోయినా పర్వాలేదు. యతి తప్పితే మాత్రం ఊరుకోను.

గోదారి గట్టు
పక్కవారితోడ పలుకులాడెడు వేళ
పిలుపు జారిపోయె, పిదప నొకటి
చదివినాక తాను చాటెను ఫుల్ హౌసు
చీటి నింపినంత చేటు గలిగె

నిర్వాహకుడు
నడక హాయిగా ఉంది. ‘ఫుల్ హౌసు’ (చీటి మొత్తం నిండటం) తగణంగా చక్కగా ఒదిగింది. విషయం కూడా అసలైనదే. మన నంబర్ వచ్చాక, తర్వాతి నంబర్ పిలిచేలోపు నోరు విప్పాలి. ఆ తర్వాత ఎంత అరిచినా చాలాచోట్ల ఒప్పుకోరు. అయితే అన్వయం దగ్గర పేచీ ఉందండీ. ‘నింపినంత’ అంటే నింపగానే అని. మీ ఆటగాడు నింపి ఊరుకున్నాడో, ఆలస్యంగా నింపాడో పద్యంలో తేలలేదు. చేటు ఆలస్యం వల్ల వచ్చింది, నింపడం వల్ల కాదు. మూడో పాదం మళ్లీ చూడండి.

పద్యప్రియ
అరువదనుచు పిలువ నిరువది యనుకొని
గీటు పెట్టి లేచి కేక వేసె
సరిగ జూచి వారు చాటిరి బోగీని
చీటి నింపినంత చేటు గలిగె

నిర్వాహకుడు
భలే, అమ్మా! అరువది, ఇరువది: ఆటలో చెవిని మోసం చేసే జంటే పద్యంలో ప్రాసయతిగా కూర్చుంది. రెండో పాదంలో గీ, కే మైత్రి సరిపోయింది. పిలవని నంబర్ కొట్టేసి గెలిచానని లేస్తే అది బోగీ. చాలాచోట్ల ఆ టికెట్‌ను ఆటలోంచి తీసేస్తారు, అప్పటిదాకా సరిగా కొట్టిన నంబర్లన్నీ వృథా. పిలిచేవాళ్లు ‘ఆరు, సున్నా, అరవై’ అని విడివిడిగా చదివితే ఈ గొడవే ఉండదు. అలా చదవకపోతే మొహమాటపడకుండా మళ్లీ చెప్పమని అడగాలి. అడిగే హక్కు అందరికీ ఉంది.

చెన్నూరు చిన్నోడు
ఆరు చీట్లు కొనెను ఆశతో నొక్కడు
ఒక్కదాని వెదుక నొకటి జారె
గెలిచినట్టి దైన కేలికి రాదయ్యె
చీటి నింపినంత చేటు గలిగె

పద్యప్రియ
తమ్ముడూ, ‘కొనెను ఆశతో’ దగ్గర సంధి వదిలేశావు. ‘కొనియె నాశతో’ అను. గణం చెడదు, ఆ–ఆ యతి నిలుస్తుంది.

చెన్నూరు చిన్నోడు
సరే అక్కా, మార్చాను.

లెక్కల మాస్టారు
చిన్నోడి పద్యం మీద నాదొక మాట. ఆరు చీట్లు కొనడం తప్పు కాదు, విడివిడిగా కొనడం తప్పు. ఆరు టికెట్ల పూర్తి షీటు అమ్ముతారు చూడండి, అందులో 1 నుంచి 90 దాకా ప్రతి నంబరూ ఒక్కసారే ఉంటుంది. అంటే ప్రతి పిలుపుకూ ఒక గీత, సరిగ్గా ఒకటే. గీత పడలేదంటే నంబర్ ఎక్కడో తప్పిపోయిందని వెంటనే తెలుస్తుంది. విడి టికెట్లతో ఈ సౌకర్యం లేదు. ఒకే నంబర్ రెండు మూడు చోట్ల ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు.

ఇంకో లెక్క. ఒక టికెట్‌కు 15 నంబర్లు. ఆ ఒక్క టికెట్ మీద ఏవైనా మొదటి ఐదు (దీన్నే జల్దీ ఫైవ్ అంటారు) పడాలంటే సగటున 28 పిలుపులు పడతాయి. ఫలానా లైను, అంటే ఒక అడ్డ వరుసలోని ఐదు నంబర్లు, నిండటానికి దాదాపు 76, ఫుల్ హౌసుకు 85. హాల్లో వంద టికెట్లుంటే ఎవరో ఒకరికి ఇంకా చాలా ముందే పడతాయి. అందుకే తీరిగ్గా టీ తాగి వచ్చి కూర్చునేవాళ్లకు జల్దీ ఫైవ్ దక్కదు. టికెట్లు రెట్టింపు కొంటే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది, నిజమే. ఖర్చూ రెట్టింపే. 7 అదృష్టం, 13 దురదృష్టం అని టికెట్లు ఏరుకోవడం వల్ల మాత్రం ఏమీ మారదు. సంచిలో అన్ని బిళ్లలూ సమానమే.

నిర్వాహకుడు
మాస్టారు చెప్పిన షీటు సంగతి ఎవరైనా పద్యంలో పెడితే బాగుండేది. కొత్తవాళ్లకు నేనొకటి కలుపుతాను. టికెట్‌లో నిలువు వరుసలు తొమ్మిది. మొదటిదాంట్లో 1–9, రెండోదాంట్లో 10–19, చివరిదాంట్లో 80–90. 47 అన్నారంటే చూపు నేరుగా ఐదో వరుస మీద పడాలి. టికెట్ అంతా వెతికేవాళ్లే తర్వాతి నంబర్ వినలేక తడబడతారు.

ఎడిసన్ తెలుగువాడు
ఆట కేమి కొందు? రరచుట యెప్పుడో?
జాగు చేయువాని సంగతేమి?
అడుగ బదులు వరుస నందింతు నీరీతి
చీటి, నింపినంత, చేటు గలిగె

ఇక్కడ అమెరికాలో ఇలాంటి ఆటే బింగో, దాని కార్డు వేరు. ఐదు నిలువు, ఐదు అడ్డం, నడిమి గడి ఖాళీ, నంబర్లు 75. అక్షరంతో కలిపి పిలుస్తారు: బి అంటే 1–15, ఓ అంటే 61–75. అక్షరం చెవిన పడగానే చూడాల్సిన వరుస తెలిసిపోతుంది. డాబర్ అనే లావుపాటి సిరా పెన్నుతో చుక్క పెడతారు. ఆలస్యం చేస్తే పోతుందన్న నియమం మాత్రం రెండుచోట్లా ఒకటే.

నిర్వాహకుడు
క్రమాలంకారం! మూడు ప్రశ్నలకు మూడు జవాబులు సమస్యలోంచే వరుసగా తీశారు. ఏం కొంటారు? చీటి. ఎప్పుడు అరవాలి? నింపినంత. జాగు చేసినవాడికి ఏమైంది? చేటు గలిగె. సమస్యలోని విరుద్ధం పూర్తిగా విడిపోయింది, ఆట కిటుకూ అందులోనే ఉంది. ఈ వారానికి నా ఓటు దీనికే.

పద్యప్రియ
ఇంకో దారి కూడా ఉందండీ. చేటు గెలిచినవాళ్లకే ఎందుకు రావాలి?

చెవులు రెండు నొగ్గి చెంతనే కూర్చుండి
వదినె గెలిచె నాడు వరుసలన్ని
పొంచియున్నవారి పోగైన యాశకు
చీటి నింపినంత చేటు గలిగె

లెక్కల మాస్టారు
చేటును ఎదుటివాళ్ల ఆశ మీదికి మళ్లించారు, బాగుంది. ‘చెంతనే కూర్చుండి’ అన్నది గొప్ప సలహా. పిలిచే మనిషి పక్కన కూర్చుంటే నంబర్ స్పష్టంగా వినబడుతుంది, మన కేకా ముందు వాళ్లకే వినబడుతుంది. పిల్లల గోల ఉన్న హాల్లో ఈ తేడా చిన్నది కాదు.

గోదారి గట్టు
నిర్వాహకులు గారూ, మూడో పాదం మార్చాను, చూడండి:

పక్కవారితోడ పలుకులాడెడు వేళ
పిలుపు జారిపోయె, పిదప నొకటి
చదివి రంతలోన, జాగుగా నప్పుడు
చీటి నింపినంత చేటు గలిగె

నిర్వాహకుడు
ఇప్పుడు కుదిరిందండీ. ‘జాగుగా’ వచ్చి ‘నింపినంత’కు ఆనుకుంది, ఆలస్యంగా నింపాడని తేలిపోయింది. చ–జ యతి కూడా సరే. స్వీకరించాను.